పాలబిందెతో సందర్శకురాలు

మా కోటరేవుకి ఒక తోబుట్టువు ఉందని, అది అమెరికాలో ఉందని మొన్నటి వేసవి దాకా మాకెవరికీ తెలియదు. గోదావరి గట్టున తన మానాన తను పడి ఉన్న ఊరు మాది. ఒక కోట, అంటే కోట పోగా మిగిలిన ఒక గోడ, ఒక రేవు, రేవులో ఒక పడవ, ఇదీ మా వైభవం. అటువంటి ఊరికి ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అమెరికా నడిమధ్యలో మిసిసిపీ నది ఒడ్డున ఫెర్న్‌బర్గ్ అనే పాతకాలపు ఊరు ఉందనీ, వాళ్ళకీ నది ఉంది మీకూ నది ఉంది, వాళ్ళకీ చరిత్ర ఉంది మీకూ చరిత్ర ఉంది కాబట్టి రెండు ఊళ్ళూ సిస్టర్ సిటీలుగా ఉండటం ఉభయులకీ క్షేమమనీ దాని సారాంశం.

ఇక్కడే మా పురపాలక సంఘానికి మొదటి చిక్కు వచ్చింది. ఇంగ్లీషువాళ్ళకి సిస్టర్ అంటే సరిపోతుంది. మనకి అక్కో చెల్లెలో తేలాలి. మనం అక్క అయితే వాళ్ళు మన మాట వినాలి, కానీ పండక్కి చీర మనం పెట్టాలి. చెల్లెలమైతే చీర వస్తుంది, పరువు పోతుంది. కౌన్సిల్ మూడుసార్లు కూర్చుని, రెండుసార్లు కుర్చీలు విసురుకుని, చివరికి కోటరేవు వయసులో అక్క, హోదాలో చెల్లెలు అని ఏకగ్రీవంగా తీర్మానించింది.

నేను ఆ కార్యాలయంలో జనన మరణాల విభాగం గుమాస్తాని. పేరు సుందర్రావు. ఊళ్ళో ఎవరు పుట్టారో ఎవరు పోయారో రాసుకోవడమే నా పని. మధ్యలో వాళ్ళు ఏం అవస్థలు పడతారన్నది నా విభాగం కాదు. అందుకే ఇంతకాలం సుఖంగా ఉన్నాను.

తోబుట్టువుని చూసి రావడానికి ఛైర్మన్ కొప్పిశెట్టి త్రిమూర్తులుగారూ, కమిషనర్ విరూపాక్షంగారూ అమెరికా వెళ్ళారు. దీన్ని అధ్యయన యాత్ర అంటారు. వచ్చాక టౌన్ హాల్లో తెర కట్టి మా అందరికీ ఫొటోలు చూపించారు. ఫెర్న్‌బర్గ్‌లో ఒక పాత చక్రాల స్టీమరు ఉంది. వెనకటికి అది సరుకులు మోసేదట. ఇప్పుడు దాన్ని ఒడ్డుకి గొలుసులతో కట్టేసి, ఎక్కడానికి టిక్కెట్టు పెట్టారు. జనం ఎక్కుతారు, అది ఎక్కడికీ పోదు, దిగి చాలా బాగుందని వెళ్ళిపోతారు. ఒక బుల్లి రైలు కొండ మీదికి వెళుతుంది. పైకెళ్ళినవాళ్ళు కిందికి చూస్తారు, కిందికొచ్చినవాళ్ళు పైకి చూస్తారు. నదిలో ఆల్చిప్పలు ఏరి చొక్కా బొత్తాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. ఇప్పుడక్కడ బొత్తాలు చెయ్యరు, చేసేవాళ్ళమని చెబుతారు. పాత జైలు ఒకటి ఉంది. అందులో ఖైదీ గదిలో ఛైర్మన్‌గారు ఊచలు పట్టుకుని నిలబడిన ఫొటో తెర మీద పడ్డప్పుడు హాల్లో చప్పట్లు మరీ ఎక్కువసేపు మోగాయి.

ఫొటోలు అయిపోయాక కమిషనర్‌గారు లేచారు. విరూపాక్షంగారు మాట్లాడితే ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా "లవణ కొరతను తక్షణమే సవరించవలసినదిగా కోరడమైనది" అంటారని వాళ్ళ వంటమనిషి చెప్పింది.

"పై అంశములను క్షుణ్ణంగా పరిశీలించిన మీదట తేలినదేమనగా, ఫెర్న్‌బర్గ్‌లో ఉన్నవన్నీ మనకునూ ఉన్నవి" అన్నారాయన. కదలని స్టీమరుకి బదులు మన రేవులో ఇసకలో కూరుకుపోయిన డ్రెడ్జరు ఉంది. పాత జైలుకి పాత సబ్‌జైలు ఉంది. వరద రాకుండా వాళ్ళు కట్టుకున్న గోడకి మన రేవు మెట్ల దగ్గర వరద గీతలు ఉన్నాయి. ఆగిపోయిన గడియార స్తంభం అదనం. "కావున మనకు కొరతగా ఉన్నది సందర్శకులు మాత్రమే. ఆ కొరతను యుద్ధ ప్రాతిపదికన పూరించవలసి ఉన్నది."

యుద్ధ ప్రాతిపదిక ఎందుకంటే, ఫెర్న్‌బర్గ్ విందులో ఛైర్మన్‌గారు పక్కనున్న మేయరమ్మతో, మా ఊరికి రోజూ వందల కొద్దీ యాత్రికులు వస్తారని అనేశారు. డోరతీ అనే ఆ మేయరమ్మ సంతోషించి, అయితే కార్తీక మాసానికి వచ్చి నేనూ చూస్తానంది. మంచి మాటకి తల ఊపడం ఛైర్మన్‌గారికి అలవాటు. ఊపేశారు.

మా ఊరికి యాత్రికులు రారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా కాఫీ తాగి చీకటి పడకుండా వెళ్ళిపోతారు. కమిషనర్‌గారు పది రోజులు బస్టాండులో మనిషిని పెట్టి చూస్తే, బయటి ఊరి నుంచి దిగినవాళ్ళలో ఊరు చూద్దామని దిగినవాడు ఒక్కడే తేలాడు. అతనూ నిద్రపోయి ముందు స్టాపులో దిగలేకపోయినవాడు.

అప్పుడు విరూపాక్షంగారు ఫెర్న్‌బర్గ్ నుంచి తెచ్చుకున్న పుస్తకం తీశారు. అందులో సందర్శకుడంటే ఎవరో రాసి ఉంది. ఆ నిర్వచనాన్ని ఆయనే తెలుగు చేశారు. "సందర్శకుడనగా, పట్టణ పరిధికి వెలుపల నివసించుచు, ఏ కార్యార్థమైననూ పట్టణమునందు అడుగిడు వ్యక్తి." మర్నాడు వేకువన ఆ నిర్వచనం చేత్తో పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని రేవుకి వచ్చారు. సరిగ్గా అప్పుడే ఏటవతల గుమ్మడిలంక నుంచి మొదటి పడవ వచ్చి ఆగింది. పాలబిందెలు, తోటకూర కట్టలు, చేపల బుట్టలు దిగాయి. వాటి వెనక మనుషులు దిగారు. కమిషనర్‌గారు వాళ్ళెవరని నన్ను అడిగారు. పాలవాళ్ళూ కూరలవాళ్ళూ అని చెప్పాను. గుమ్మడిలంక మన పరిధిలోకి వస్తుందా అని అడిగారు. రాదండి, అది వేరే పంచాయతీ అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసినప్పుడే నా మనసు కీడు శంకించింది.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. రేవు గుండా పట్టణంలో అడుగుపెట్టే ప్రతి సందర్శకుడికీ స్వాగతం పలికి, చారిత్రక ప్రదేశాలన్నీ చూపించిన తరవాతే ఊళ్ళోకి వదలాలి. చరిత్ర చెప్పే గైడుగా నన్ను వేశారు. చచ్చినవాళ్ళ వివరాలు నా దగ్గరే ఉంటాయి కాబట్టి చరిత్ర నాకే బాగా తెలుస్తుందని కమిషనర్‌గారి వాదం.

మొదటి రోజు పడవ దిగిన మొదటి మనిషి నూకరత్నం. ఆవిడ మా ఇంటికి కూడా పాలు పోస్తుంది. ఊళ్ళో పాతిక దాకా వాడుకలు ఆవిడవి. ఆ ఇళ్ళన్నీ వాళ్ళ అత్త పోతూ పోతూ కోడలికి ఒప్పజెప్పి పోయినవి. పొలమా పుట్రా, ఆ కుటుంబానికి ఆస్తంటే రెండు గేదెలు, ఈ వాడుకిళ్ళు. సూర్యుడు పైకి రాకముందే పాలు గుమ్మంలో ఉండాలి. లేకపోతే కాఫీ ఉండదు, కాఫీ లేకపోతే వాడుక ఉండదు. కోటరేవు అన్నం లేకుండా ఒక పూట ఉంటుంది గానీ కాఫీ లేకుండా ఉండదు.

నేను మైకు పట్టుకుని, "చారిత్రక కోటరేవుకు సుస్వాగతం" అని, ఆవిడ పైటకి సందర్శకురాలు అని రాసిన బిళ్ళ తగిలించి, చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చాను. ఆ మజ్జిగ ముందు రోజు ఆవిడ పోసిన పాలదే. ఆవిడ గ్లాసు వైపూ నా వైపూ చూసింది.

"ఏటి బాబుగారూ, వొంట్లో బాగానేదా?" అంది.

నేను ఉత్తర్వు చదివి వినిపించాను. ఆవిడ ఓపిగ్గా విని, అయితే అదేదో సాయంత్రం పాలు పోసెళ్ళేటప్పుడు చూస్తానంది. కుదరదన్నాను. మరి పాలు పోసొచ్చి చూస్తానంది. అదీ కుదరదన్నాను. నా పక్కన ఇద్దరు జవాన్లు నిలబడి ఉన్నారు. నాకు సిగ్గుగా ఉంది, అయినా మైకులో చెప్పుకుంటూ పోయాను. ఇది డ్రెడ్జరు, ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఇసక తీయడానికి వచ్చి ఇసకలోనే ఉండిపోయింది. ఇది వరద గీత, దీనిపై గీత ఇంకో వరదది. ఆ గీత నాకు తెలుసండీ, ఆ రోజు మా తాత చెట్టెక్కి కూర్చున్నాడండి అంది నూకరత్నం. నేను మైకు నోటికి అడ్డం పెట్టుకుని, త్వరగా కానిచ్చేద్దాం తల్లీ అన్నాను. కానీ సబ్‌జైలు తాళం తీసే మనిషి ఎనిమిదింటికి గానీ రాడు. అప్పటిదాకా సందర్శకులందరూ గడియార స్తంభం కింద కూర్చుని, ఆగిపోయిన గడియారాన్ని చూశారు.

ఆ రోజు ఊళ్ళో కాఫీలు తొమ్మిదింటికి తాగారు. తాగినవాళ్ళు తాగారు. ఎండకి కొన్ని ఇళ్ళల్లో పాలు కాచగానే విరిగిపోయాయి. మా ఇంట్లోనూ విరిగాయి. మా ఆవిడ ఆ గిన్నె నా ముందు పెట్టి, మీరు చెప్పిన చరిత్రకి విరిగాయి, మీరే తాగండి అంది.

వారం తిరిగేసరికి వాడుకలు ఒక్కొక్కరే పాకెట్టు పాలకి తిరిగారు. ముందు డాక్టరుగారి ఇల్లు, తరవాత పక్కవీధి అంతా. నూకరత్నం బిందెలో మిగిలిన పాలతో తిరిగి పడవెక్కడం నేను రేవులో నిలబడి రోజూ చూశాను. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ముఖం తిప్పుకుని పోయేది. ఒక్క ఇంటికి మాత్రం పాలు ఎప్పుడూ ఆలస్యం కాలేదు. అది కమిషనర్‌గారి బంగళా. అది ఇంగ్లీషువాళ్ళు కట్టింది కాబట్టి రేవు దాటాక చూపించే చారిత్రక ప్రదేశాల్లో మొదటిదిగా చేర్చారు. సందర్శకులు తమ వెంట తెచ్చుకున్న ద్రవ పదార్థాలను అచ్చట ఉంచవచ్చునని ఉత్తర్వులో ఒక ప్రత్యేక వాక్యం కూడా ఉంది.

ఇంతటితో ఆగితే బాగుండేది. ఫెర్న్‌బర్గ్ పుస్తకం తరవాతి పేజీలో సందర్శకులు సగటున రెండు రాత్రులు బస చేస్తారని ఉంది. మన సందర్శకులు ఒక్క రాత్రి కూడా ఉండటం లేదని కమిషనర్‌గారు గమనించారు. సత్రం గదులు కడిగించి, లంకవాళ్ళు దిగిన రోజు దిగినట్టే రెండు రాత్రులు ఉండి తీరాలన్నారు.

ఈసారి నూకరత్నం నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళింది. నేను వెనకాలే ఉన్నాను. గేదెలకి ఆవిడ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగిలితే పాలు చేపవనీ, ఆవిడ రాత్రి ఇక్కడ ఉంటే అక్కడ పాలు పితికే దారి లేదనీ నెమ్మదిగా చెప్పింది. విరూపాక్షంగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"సదరు గేదెలు ఎచ్చట నివసించుచున్నవి?"

"గుమ్మడిలంకేనండి, ఆయ్."

"అనగా పరిధికి వెలుపల. వాటిని కూడా వెంటబెట్టుకొని రావచ్చును."

గేదెలు వచ్చాయి. పడవ పక్కన ఈదుకుంటూ వచ్చి, రేవు మెట్లెక్కి ఒళ్ళు విదిలించుకుని నిలబడ్డాయి. నిర్వచనంలో వ్యక్తి అని ఉంది, గేదె వ్యక్తి అవునా అని అనుమానం వచ్చింది. కుటుంబ సమేతంగా వచ్చిన సందర్శకుల కింద లెక్క చూపమని కమిషనర్‌గారు తేల్చారు. కొమ్ములకి బిళ్ళలు కట్టాం. మిగతా లంకవాళ్ళు కూడా తమ తమ గేదెలని, మేకలని, ఒకాయన బాతులని తెచ్చుకున్నారు. నేను మైకులో చరిత్ర చెబుతూ ముందు నడుస్తుంటే మనుషులూ గేదెలూ బాతులూ నా వెనక వచ్చేవి. వరద గీతల దగ్గర బాతులు చాలా శ్రద్ధగా ఆగేవి. నూకరత్నం పెద్ద గేదెకి సబ్‌జైల్లో మూడో గది నచ్చింది. చల్లగా ఉందేమో, లోపలికి వెళ్ళి పడుకుంటే ఇద్దరు జవాన్లు తోసినా లేవలేదు. ఆ రోజు సందర్శన సంతృప్తికరంగా ముగిసిందని నివేదిక రాసుకున్నాం. కానీ మైకు మోతకి బెదిరిపోయి ఆ గేదె రెండు పూటలా పాలు చేపలేదు. నూకరత్నం దాని పొదుగు దగ్గర కూర్చుని, ఆఖరికి ఏడ్చేసింది. ఇంక ఆవిడకి మిగిలినవి ఐదు వాడుకలు. అందులో మా ఇల్లు ఒకటి. అదీ నేను మా ఆవిడ కాళ్ళావేళ్ళా పడితే మిగిలింది.

కార్తీక మాసంలో డోరతీగారు వచ్చారు. పొడుగాటి మనిషి, తెల్లజుట్టు, కాళ్ళకి పరుగుపందెం బూట్లు. రేవులో మేళం, దండలు, స్వాగత తోరణాలు. పడవ దిగుతున్న బిళ్ళల జనాన్నీ, ఈదుకొస్తున్న బిళ్ళల గేదెలనీ చూసి ఆవిడ ఉన్నచోటే నిలబడిపోయారు. ఇంతమంది, ఇంత పొద్దున్నే, ఇంత కుటుంబాలతో ఒక ఊరిని చూడటానికి రావడం తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నారు. మీ ఊరికి వచ్చే సందర్శకులు పదయ్యాక నిద్ర లేస్తారు కాబోలని ఛైర్మన్‌గారు జాలిపడ్డారు. ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాణ్ణి కనక దుబాసీ పని నాదే.

డోరతీగారు నూకరత్నాన్ని ఆపి, ఈ ఊరు ఎన్నిసార్లు చూశావని అడిగించారు. రోజూ చూపిత్తన్నారండి అంది ఆవిడ. ఊళ్ళో నీకు అన్నిటికంటే నచ్చినది ఏమిటని అడిగించారు. కమిషనర్‌గారు నా భుజం పక్కనే నిలబడి ఉన్నారు.

"ఎల్లిపొమ్మంటారు సూడండి, ఆ మాటండి" అంది నూకరత్నం.

వీడ్కోలు చెప్పే పద్ధతి చాలా నచ్చిందంటోందని ఇంగ్లీషులో చెప్పాను. అబద్ధం కాదు కదా. డోరతీగారికి కళ్ళు చెమర్చాయి. మా దేశంలో ఇంత అభిమానించే సందర్శకులు దొరికితే ఊరి తాళంచెవి బహూకరించి గౌరవిస్తామని అన్నారు.

తోబుట్టువు చేసే మర్యాద మనం చెయ్యకపోతే ఎలాగని ఛైర్మన్‌గారికి పట్టుదల వచ్చింది. అప్పటికప్పుడు ఊరికి తాళంచెవి ఎక్కడ దొరుకుతుంది. చూడటానికి కాస్త ఘనంగా ఉన్న తాళంచెవి సబ్‌జైలుదొక్కటే. దాన్నే, సభ అయ్యాక వెనక్కి తీసుకునే షరతు మీద, నూకరత్నానికి ఇవ్వడానికి పళ్ళెంలో పెట్టి తెచ్చారు. ఛైర్మన్‌గారు మైకు అందుకున్నారు. ఆయనకి మైకు అందితే, ఎదురుగా ఆడవాళ్ళు కనబడితే, ఒక మాట దానంతటదే వచ్చేస్తుంది. ఎన్నికలప్పుడు పట్టిన అలవాటు.

"ఈ నూకరత్నమ్మగారు ఇవాళ్టి నుంచీ బయటి మనిషి కాదు. ఈ ఊరి ఆడపడుచు. కోటరేవు ఈవిడకి పుట్టిల్లు" అన్నారు.

చప్పట్లు కొట్టారు. డోరతీగారికి ఆ మాట తర్జుమా చేస్తే పొంగిపోయి, అది రాతపూర్వకంగా ఒక ప్రతి తనకి కావాలన్నారు. కమిషనర్‌గారు ఆ సాయంత్రమే తీర్మానం తయారు చేసి సంతకం పెట్టి ముద్ర వేసేశారు. "శ్రీమతి నూకరత్నంగారిని కోటరేవు పట్టణపు ఆడపడుచుగా గుర్తించి, తత్సంబంధమైన సకల మర్యాదలకునూ అర్హురాలిగా ప్రకటించడమైనది."

డోరతీగారి హడావుడిలో ఆ రాత్రి సత్రం బస సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, లంకవాళ్ళు ఇళ్ళకి పోయారు. మర్నాడు వేకువన నేను బిళ్ళ, మజ్జిగ గ్లాసు పట్టుకుని రేవులో నిలబడ్డాను. నూకరత్నం పడవ దిగింది. బిందె చంకనెత్తుకుని నా ముందు నుంచే వెళ్ళిపోతోంది. జవాను అడ్డం వచ్చాడు. ఆవిడ ఆగి, జవానుని చూడకుండా నన్ను చూసింది.

"ఆడపడుచు పుట్టింటికొత్తే, ఇల్లు సూడ్డానికొచ్చిందంటారా బాబుగారూ?"

నేను బిళ్ళ జేబులో వేసుకున్నాను. జవానుని పక్కకి జరగమన్నాను. ఆవిడ గట్టు దిగి, వీధిలోకి తిరిగి, చీకటి ఇంకా విడవకుండానే మా గుమ్మంలో పాలు పోసింది. ఆ కాఫీ నేను రేవులో ఉండి తాగలేకపోయాను గానీ, తాగినంత తృప్తి కలిగింది.

సంగతి తెలిసి కమిషనర్‌గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆడపడుచు సందర్శకురాలగునా, కాదా అన్నది చర్చనీయాంశం. నివాసం పరిధికి వెలుపలే ఉన్నది కదా అని ఆయన పాయింటు లాగారు. కౌన్సిలర్లు ఒప్పుకోలేదు. మా అక్క వస్తే సందర్శకురాలని రాయిస్తారా, మా మేనత్త వస్తే మజ్జిగిచ్చి జైలు చూపిస్తారా అని లేచారు. తీర్మానం రద్దు చేద్దామంటే ఛైర్మన్‌గారు గుండె పట్టుకున్నారు. ఆడపడుచుని కాదన్న ఛైర్మన్ మళ్ళీ ఓటడగడానికి ఏ గుమ్మం ఎక్కగలడు? చివరికి చుట్టాలు సందర్శకులు కారని నిర్ణయం రాసుకున్నారు. ఒక్క నూకరత్నమే కదా తగ్గేది, పోనీలే అనుకున్నారు.

గుమ్మడిలంక గురించి వాళ్ళకి తెలియదు. ఆ లంకలో ఉన్నవి రెండే రెండు ఇంటిపేర్లు. తరతరాలుగా వీళ్ళ పిల్లని వాళ్ళకీ, వాళ్ళ పిల్లని వీళ్ళకీ ఇచ్చుకుంటూ వచ్చారు. మరుసటి పడవలో నూకరత్నం మొగుడు దిగాడు. ఆడపడుచు మొగుడంటే ఊరికి అల్లుడు. అల్లుణ్ణి పట్టుకుని డ్రెడ్జరు చూపిస్తారా అని అడిగాడు. అతని వెనక నూకరత్నం తోటికోడలు దిగింది. ఆ వెనక ఆవిడ అన్నగారు, అంటే వియ్యాలవారు. చేపల బుట్టతో దిగినాయన నూకరత్నానికి పెద్దమావగారు. బాతులాయన ఏమవుతాడో ఆయనకే సరిగ్గా తెలియదు, కానీ పడవలో వచ్చిన లంక ముసలమ్మ ఒకావిడ పెళ్ళిళ్ళ వరస పట్టి తవ్వుకుంటూ పోయి, ఛైర్మన్‌గారికి తాత వరస అని తేల్చింది. గేదెల సంగతి అడిగితే, అవి ఆడపడుచు పసుపు కుంకుమ కింద తెచ్చుకున్నవి, వాటి జోలికి రాకండి అన్నారు. వరసలు సరిచూడవలసిన అధికారిని నేనే. జనన మరణాలవాణ్ణి కదా. అన్నీ సరిగ్గానే ఉన్నాయని సంతకం పెట్టాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత ఆనందంగా ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

పది రోజుల్లో కోటరేవుకి సందర్శకులు లేకుండా పోయారు. ఊరంతా చుట్టాలే. నూకరత్నానికి పోయిన వాడుకలు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలుపెట్టాయి. పాకెట్టు పాలతో కాఫీ నీళ్ళలా ఉందని డాక్టరుగారే ముందు కబురు పెట్టారు. సరిగ్గా అప్పుడే ఫెర్న్‌బర్గ్ నుంచి డోరతీగారి ఉత్తరం వచ్చింది. మీ పద్ధతి మాకు ఎంతో నచ్చింది, మేమూ అమలు చేస్తున్నాం, వంతెన అవతలి నుంచి మా ఆస్పత్రికి వచ్చే నర్సులందరికీ ఇప్పుడు రోజూ బొత్తాల ఫ్యాక్టరీ చూపించాకే డ్యూటీకి వదులుతున్నాం, మీ ఊళ్ళో ఈ నెల ఎంతమంది సందర్శకులో దయచేసి తెలపండి అని రాశారు.

సున్నా అని రాయడానికి విరూపాక్షంగారి చెయ్యి ఆడలేదు. అబద్ధం రాయడానికి మనసు ఒప్పలేదు. ఆయనలో ఉన్న మంచి గుణం అదే. నిబంధన ఎంత అన్యాయమైనదైనా నిజాయితీగా అమలు చేస్తారు. నన్ను పిలిచి, పట్టణ పరిధిలో నివాసి కాని, ఏ ఇంటికీ చుట్టం కాని మనిషి ఒక్కడైనా ఉంటే వెతికి తెమ్మన్నారు. నేను రెండు రోజులు వెతికాను. సత్రం పూజారి మా ఊరి అల్లుడు. బస్టాండు కిళ్ళీ కొట్టువాడికి మా ఊళ్ళో మేనమామ ఉన్నాడు. దొరికినవాడు ఒక్కడే. ఆ పేరు ఒక చీటీ మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన చదువుకుని, మళ్ళీ చదువుకున్నారు. విరూపాక్షంగారిది అనంతపురం అవతల ఎక్కడో. భార్యాపిల్లలు అక్కడే ఉన్నారు, ఓటూ అక్కడే, రేషన్ కార్డూ అక్కడే. బంగళా ప్రభుత్వానిది, ఆయన స్థిరనివాసం కాదు. కోటరేవులో ఆయన ఎవరికీ ఏమీ కారు. మీరే రాసిన నిర్వచనమండీ అని గుర్తు చేశాను. ఆయన కలం తీసి, "నిబంధనలకు ఎవ్వరునూ అతీతులు కారు" అని సంతకం పెట్టారు. రెండు రాత్రుల బస నిబంధన మాత్రం ఆయన ఎప్పుడో నెరవేర్చేశారు.

ఇప్పుడు రోజూ వేకువన బంగళాకి వెళ్ళి కమిషనర్‌గారికి బిళ్ళ తగిలించి, మజ్జిగిచ్చి, రేవుకి తీసుకొస్తాను. మైకు పట్టుకుని మొదలుపెడతాను. చారిత్రక కోటరేవుకు సుస్వాగతం, ఇది డ్రెడ్జరు. ఆయన చేతులు కట్టుకుని వింటారు. సబ్‌జైలు తాళం తీసే మనిషి ఎనిమిదింటికి గానీ రాడు కాబట్టి అప్పటిదాకా ఇద్దరం గడియార స్తంభం కింద కూర్చుంటాం. బంగళాలో పాలు వేళకే దిగుతున్నాయి. కాఫీ కూడా వేళకే తయారవుతోంది. తాగవలసిన మనిషే అక్కడ ఉండటం లేదు. వంటమనిషి తాగుతోందిట, చాలా బాగుంటోందిట.

మొన్న అలాగే కూర్చుని ఉండగా నూకరత్నం ఖాళీ బిందె ఒకటి, నిండు బిందె ఒకటి పట్టుకుని ఆ దారినే వెళుతోంది. కమిషనర్‌గారు నా వైపు చూశారు, వీధి అటూ ఇటూ చూశారు, లేచి రెండడుగులు ఆవిడ వెనక వేశారు.

"నూకరత్నమ్మా" అన్నారు. ఆయన ఉత్తర్వు భాష వదిలి మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి. "మీ లంకలో ఎవరికైనా సరే... ఏదో ఒక వరస, దూరపుదైనా ఫర్వాలేదు. నన్ను కలుపుకోకూడదూ?"

ఆవిడ ఆగి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏ వరస పెట్టమంటారండి?"

ఆయన ఆలోచించి, అన్నయ్య అన్నారు.

"అన్నయ్యంటే ఏడాదికో సీర మీరే పెట్టాలండి. ఆనక మాట మార్సకూడదు. మా ఆయన్నడగాలి, మా అత్తోరి కాడ పెద్దోళ్ళనడగాలి. తొందరపడి సుట్టరికం కలుపుకుంటారేటండి, మడిసి ఎలాంటోడో సూడొద్దా?" అంది. "అడిగి సెప్తానుండండి. ముందు డాక్టరుగారింట్లో పాలు పోసొత్తాను, ఆయనగారు కాఫీకి సూత్తంటారు."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన ఆవిడ వెనకే ఇంకో రెండడుగులు వేశారు. ఉద్యోగధర్మం తప్పకూడదు కాబట్టి నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని, సందర్శకులు ఇటు రావలసిందిగా మనవి అన్నాను.